పాత ట్రక్కులకు స్పార్క్ ప్లగ్ వైర్లు
1970ల నాటి షెవ్రొలెట్ సి10 వంటి వీ8 ట్రక్కులకు కొత్త ప్లగ్ వైర్లు ఎంచుకునేటప్పుడు వైరు లావు కన్నా ఇన్సులేషన్, పొడవు, అమరిక ముఖ్యం. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వేడికి నాసిరకం తొడుగు పెళుసెక్కి కరెంటు బయటికి లీకవుతుంది; సిలికాన్ తొడుగు ఆ వేడిని బాగా తట్టుకుంటుంది. నిరోధం తగ్గితే స్పార్క్ బలపడుతుందన్న వాదన ఉంది. కానీ ప్లగ్ కొనల మధ్య స్పార్క్ పుట్టేవరకు వైరులో కరెంటు దాదాపు పారదు, కాయిల్ వోల్టేజి ఎలాగూ పెరుగుతుంది. అందుకే కొన్ని వేల ఓమ్‌ల తేడా మామూలు ఇంజన్‌కు తెలియదు. పైగా నిరోధం లేని రాగి తీగ రేడియోలో గరగర పుట్టిస్తుంది. 1975 నుంచి వచ్చిన హెచ్‌ఈఐ (హై ఎనర్జీ ఇగ్నిషన్) డిస్ట్రిబ్యూటర్ మూతకు అంతకుముందటి వైర్ల కొనలు సరిపోవు. షెవ్రొలెట్ వీ8లో 5, 7 సిలిండర్లు పక్కపక్కనే ఉండి వెంటవెంటనే మండుతాయి; వాటి వైర్లను ఆనించి నడిపితే, ఎంత ఖరీదైనవైనా, ఒకదాని విద్యుత్తు రెండోదానిలో ప్రేరేపితమై 7వ సిలిండర్‌ను ముందే మండించగలదు.