మల్కాజిగిరి: ఓడి వచ్చినోళ్లను గెలిపించే సీటు.. ఉప్పల్, నాచారం ఓటు లెక్కేంటి?

దేశంలోనే ఎక్కువ మంది ఓటర్లున్న లోక్‌సభ స్థానం ఏదంటే ఠక్కున వచ్చే సమాధానం మల్కాజిగిరి. 2024 ఎన్నికల నాటికి ఇక్కడి ఓటర్లు దాదాపు 37.8 లక్షలు. అంతా కలిసి ఎన్నుకునేది మాత్రం ఒక్క ఎంపీనే. ఉప్పల్, నాచారం, హబ్సిగూడ, రామంతాపూర్, మల్లాపూర్, కాప్రా, చర్లపల్లి.. ఇవన్నీ ఈ స్థానం కిందికే వస్తాయి. ఇప్పటిదాకా జరిగింది నాలుగే ఎన్నికలు. అయినా ఏ పార్టీ వరుసగా రెండుసార్లు గెలవలేదు. గెలిచిన నలుగురిలో ఏ ఒక్కరూ ఇక్కడి నుంచి రెండోసారి పార్లమెంటుకు వెళ్లలేదు.

ఊళ్లు పోయి.. సీటు వచ్చింది

2009కి ముందు మల్కాజిగిరి పేరుతో లోక్‌సభ స్థానమే లేదు. ఉప్పల్ పేరుతో అసెంబ్లీ సీటూ లేదు. ఉప్పల్ కలాన్, ఉప్పల్ భగాయత్ అనే పేర్లు వింటేనే తెలుస్తుంది, ఇవి ఒకప్పుడు పొలాలున్న ఊళ్లని. కలాన్ అంటే పెద్ద ఊరు. భగాయత్ అంటే తోటల భూమి. మూసీ పక్కనున్న ఆ భగాయత్ భూముల్లోనే ఇప్పుడు హెచ్‌ఎండీఏ ప్లాట్లు వేలం వేసింది. నాచారంలో ఫ్యాక్టరీలు, ఎన్టీఆర్ కట్టించిన రామకృష్ణ స్టూడియోస్, ఈఎస్ఐ ఆస్పత్రి వచ్చాయి. వాటి చుట్టూ కాలనీలు పెరిగాయి. 2007లో ఉప్పల్ కలాన్, కాప్రా, మల్కాజిగిరి, అల్వాల్, ఎల్బీనగర్ సహా 12 మున్సిపాలిటీలు జీహెచ్‌ఎంసీలో కలిసిపోయాయి.

ఆ మరుసటి ఏడాది నియోజకవర్గాల పునర్విభజన అమల్లోకి వచ్చింది. మెదక్ జిల్లా పల్లెలతో నిండిన సిద్దిపేట ఎస్సీ లోక్‌సభ స్థానం రద్దయింది. మేడ్చల్, మల్కాజిగిరి, కుత్బుల్లాపూర్, కూకట్‌పల్లి, ఉప్పల్, ఎల్బీనగర్, సికింద్రాబాద్ కంటోన్మెంట్.. ఈ ఏడు సెగ్మెంట్లతో మల్కాజిగిరి ఏర్పడింది. విశేషమేంటంటే, రద్దయిన సిద్దిపేట ఎంపీ సర్వే సత్యనారాయణే కొత్త సీటుకు తొలి ఎంపీ అయ్యారు. 2009లో కాంగ్రెస్ టికెట్‌పై పోటీ చేసి టీడీపీ అభ్యర్థి భీంసేన్‌పై 93 వేలకు పైగా ఓట్లతో గెలిచారు. ప్రజారాజ్యం తరఫున బరిలోకి దిగిన దేవేందర్ గౌడ్ మూడో స్థానంతో సరిపెట్టుకున్నారు. సర్వే ఆ తర్వాత కేంద్రంలో సహాయ మంత్రి కూడా అయ్యారు.

కానీ 2014లో అదే సర్వే మూడో స్థానానికి పడిపోయారు. తెలంగాణ వచ్చిన ఆ ఎన్నికల్లో రాష్ట్రమంతా టీఆర్ఎస్ గాలి వీస్తే, మల్కాజిగిరిలో టీడీపీ అభ్యర్థి మల్లారెడ్డి 28,371 ఓట్లతో మైనంపల్లి హన్మంతరావుపై నెగ్గారు. తెలంగాణలో టీడీపీకి దక్కిన ఏకైక ఎంపీ సీటు ఇదే. లోక్‌సత్తా జయప్రకాశ్ నారాయణ, మాజీ డీజీపీ దినేశ్ రెడ్డి లాంటి పేరున్నవాళ్లు కూడా పోటీ చేసి ఓడిపోయారు. రెండేళ్లు తిరిగేసరికి మల్లారెడ్డి టీఆర్ఎస్‌లో చేరిపోయారు. 2018లో మేడ్చల్ ఎమ్మెల్యేగా గెలిచి, రాష్ట్ర మంత్రి అయ్యారు.

అక్కడ ఓటమి.. ఇక్కడ గెలుపు

అసలు కథ 2019లో మొదలైంది. 2018 డిసెంబర్‌లో కొడంగల్‌లో ఓడిపోయిన రేవంత్ రెడ్డి, కొన్ని నెలలకే మల్కాజిగిరి బరిలో దిగారు. మల్లారెడ్డి అల్లుడు, టీఆర్ఎస్ అభ్యర్థి మర్రి రాజశేఖర్ రెడ్డిపై గెలిచారు. మెజారిటీ ఎంతో తెలుసా? 10,919 మాత్రమే. 31 లక్షలకు పైగా ఓటర్లున్న చోట అది నూలుపోగంత తేడా. ఆ నూలుపోగు తెగి ఉంటే తర్వాతి తెలంగాణ రాజకీయం ఎలా ఉండేదో ఊహకు వదిలేద్దాం. రేవంత్ 2023 డిసెంబర్‌లో ముఖ్యమంత్రి అయ్యారు, ఎంపీ పదవికి రాజీనామా చేశారు. అప్పటి నుంచి 2024 జూన్ ఫలితాల దాకా దేశంలోకెల్లా పెద్ద నియోజకవర్గానికి ఎంపీయే లేరు.

2024లోనూ దాదాపు అదే సీన్. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో హుజూరాబాద్, గజ్వేల్ రెండు చోట్లా ఓడిన ఈటల రాజేందర్ బీజేపీ తరఫున ఇక్కడికొచ్చారు. కాంగ్రెస్ నుంచి పట్నం సునీతా మహేందర్ రెడ్డి, బీఆర్ఎస్ నుంచి రాగిడి లక్ష్మారెడ్డి పోటీపడ్డారు. ఈటలకు 9.91 లక్షల ఓట్లు, 3.91 లక్షల మెజారిటీ! ఇక్కడే జాగ్రత్తగా చూడాల్సిన విషయం ఒకటుంది. కాంగ్రెస్‌కు 2019లో 6.03 లక్షలు వస్తే, 2024లో 5.99 లక్షలు వచ్చాయి. అంటే పెద్దగా తగ్గింది లేదు. బీఆర్ఎస్ మాత్రం 5.92 లక్షల నుంచి 3 లక్షలకు జారింది. బీజేపీ 3.04 లక్షల నుంచి మూడింతలు దాటింది. ఆరు నెలల ముందు ఏడు అసెంబ్లీ సీట్లనూ ఊడ్చేసిన బీఆర్ఎస్‌కు అదే జనం మూడో స్థానం ఇచ్చారు. ఎమ్మెల్యేకు ఒక లెక్క, ఎంపీకి ఇంకో లెక్క అన్నమాట.

ఉప్పల్‌లో నలుగురు ఎమ్మెల్యేలు

ఉప్పల్ అసెంబ్లీ సీటుదీ ఇదే తీరు. 2009లో బండారి రాజిరెడ్డి (కాంగ్రెస్), 2014లో ఎన్వీఎస్ఎస్ ప్రభాకర్ (బీజేపీ), 2018లో బేతి సుభాష్ రెడ్డి (టీఆర్ఎస్), 2023లో బండారి లక్ష్మారెడ్డి (బీఆర్ఎస్) గెలిచారు. సుభాష్ రెడ్డి 48 వేలకు పైగా మెజారిటీతో గెలిచినా మళ్లీ టికెట్ రాలేదు. 2014లో కాంగ్రెస్ తరఫున ఓడిన లక్ష్మారెడ్డికి బీఆర్ఎస్ అవకాశమిస్తే, కాంగ్రెస్ అభ్యర్థి పరమేశ్వర్ రెడ్డిపై 49 వేలకు పైగా ఆధిక్యం సాధించారు.

2020 గ్రేటర్ ఎన్నికలు చూస్తే ఇంకో ఆసక్తికర విషయం. నగరం మొత్తమ్మీద కాంగ్రెస్ గెలిచింది రెండే డివిజన్లు. ఆ రెండూ, అంటే ఉప్పల్, ఏఎస్ రావు నగర్, ఈ అసెంబ్లీ పరిధిలోనివే. పక్కనే నాచారంలో టీఆర్ఎస్, రామంతాపూర్, హబ్సిగూడల్లో బీజేపీ. నాలుగు కిలోమీటర్లు నడిస్తే మూడు జెండాలు కనిపిస్తాయి.

సగం మందే ఓటేస్తున్నారు.. ఎందుకు?

పోలింగ్ శాతం ఎప్పుడూ సగం చుట్టూనే తిరుగుతోంది. 2019లో 50 శాతం కూడా దాటలేదు, 2024లో అతికష్టమ్మీద దాటింది. సిటీ జనానికి బద్ధకం అని తిట్టిపోయడం తేలిక. కానీ ఉప్పల్ రింగ్ రోడ్డులో పోలింగ్ ముందు రోజు సాయంత్రం వరంగల్, యాదగిరిగుట్ట వైపు బస్సుల కోసం ఎగబడే జనాన్ని చూస్తే సంగతి అర్థమవుతుంది. కిరాయి ఇల్లు ఇక్కడ, ఓటు ఊళ్లో. పైగా 2019 ఏప్రిల్ 11న, 2024 మే 13న ఏపీలోనూ అదే రోజు పోలింగ్. అక్కడ ఎమ్మెల్యే ఓటు కూడా ఉంది మరి.

ఓటేసిన వాళ్లకు దక్కిందేంటి అంటే, ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ చూడాలి. ఆరు కిలోమీటర్ల పైచిలుకు ఉన్న ఈ వంతెన వరంగల్ హైవే మీద వస్తుంది, కేంద్రం పని. 2018లో శంకుస్థాపన జరిగినప్పుడు ఎంపీ మల్లారెడ్డి. ఆ తర్వాత రేవంత్ రెడ్డి వచ్చారు. 2024లో ఈటలకు ఓటేయడానికి జనం వెళ్లినప్పుడు కూడా ఆ పిల్లర్ల కింద దుమ్ములోంచే వెళ్లారు.

37 లక్షల్లో ఒక్క గొంతు

2009లో 23 లక్షలకు పైగా ఉన్న ఓటర్లు పదిహేనేళ్లలో 37 లక్షలు దాటారు. లక్షద్వీప్‌లో 58 వేల లోపు ఓటర్లకు ఒక ఎంపీ ఉన్నారు. ద్వీపాల లెక్క వేరనుకుంటే, పక్కనున్న హైదరాబాద్ స్థానంలోనే ఓటర్లు సుమారు 22 లక్షలు. ప్రస్తుత సరిహద్దులు 2001 జనాభా లెక్కల ప్రకారం గీసినవి. లోక్‌సభ సీట్ల సంఖ్యపై రాజ్యాంగ సవరణతో పెట్టిన ఆంక్ష 2026 తర్వాతి తొలి జనగణన దాకా ఉంది. అప్పుడు మల్కాజిగిరిని ముక్కలు చేయక తప్పదన్నది ఎవరైనా ఒప్పుకునే మాటే. ఉప్పల్, నాచారం ఏ ముక్కలో పడతాయన్నదే ప్రశ్న.