పెన్నేటి ఒడ్డున కూలి సంసారం: విద్వాన్ విశ్వం, నామిని రచనల పరిశీలన

కరువు వార్తకు పత్రికల్లో రెండే కొలతలు: వాన ఎంత పడింది, పంట ఎన్ని ఎకరాల్లో ఎండింది. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడేది సుమారు 550 మిల్లీమీటర్ల వాన. పెన్న కర్ణాటకలో పుట్టి ఇదే జిల్లాలోని కంబదూరు మండలం మీదుగా పారే నదే అయినా, ఏడాదిలో ఎక్కువ కాలం అక్కడ కనిపించేది ఇసుక. ఈ లెక్కలు కావలసినవే. అయితే ఒక పూట ఇంట్లో ఎవరు తిన్నారు, ఎవరు తిన్నామని చెప్పి పడుకున్నారు అన్నది వాటికి అందదు. దాన్ని అందుకోవడానికి మన పాత్రికేయులు వార్తను దాటి వేరే ప్రక్రియలు వెతుక్కున్నారని నా వాదన.

విద్వాన్ విశ్వం 1915లో ఇదే జిల్లా తరిమెలలో పుట్టారు. కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డితో కలిసి రెండో ప్రపంచ యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ పుస్తకం రాసి జైలుకు వెళ్లారు. ఆంధ్రప్రభ వారపత్రికకు సంపాదకత్వం వహించారు, ‘మాణిక్యవీణ’ శీర్షిక నడిపారు. అంతటి పాత్రికేయుడు తన సీమ కరువును చెప్పాలనుకున్నప్పుడు కావ్యాన్ని ఎంచుకున్నారు. 1956 నాటి ‘పెన్నేటి పాట’లో కథ రంగన్న, గంగమ్మలది. చితికిన రైతు కొడుకు రంగన్న కూలికి దిగుతాడు. భూమి పోయిన ఇంట్లో మొగుడూ పెళ్లాల రెక్కలే ఆస్తి. విమర్శకులు ఇందులోని ప్రాంతీయతను బాగా గుర్తించారు. నాకు అంతకంటే విలువైనదిగా తోచేది దాని ఇంటి లెక్క: దారిద్ర్యాన్ని ఊరికి కాక ఒక పొయ్యికి కుదించి చూడటం. విలేకరి కన్ను అక్కడ పనిచేసింది.

అయినా రంగన్న తన కథ తాను చెప్పుకోడు. ఆ మలుపు తర్వాతి తరంలో, చిత్తూరు జిల్లాలో వచ్చింది. నామిని సుబ్రమణ్యం నాయుడు కూడా పాత్రికేయుడే. ‘ఉదయం’ దినపత్రికలో పనిచేశారు, ఆంధ్రజ్యోతి వారపత్రికను నడిపారు. ‘పచ్చనాకు సాక్షిగా’, ‘సినబ్బ కతలు’లో కథ చెప్పేది ఇంటి బిడ్డే, భాష నామిని సొంత ఊరు మిట్టూరుది. జాలి చూపడానికి బయటివాడు లేడు కాబట్టి ఆ ఇంట్లో తిట్లూ నవ్వులూ ఆకలితోపాటే ఉంటాయి. శ్రమజీవుల జ్ఞాపక రచనకు తెలుగులో ఇంతకంటే బలమైన నమూనా ఉందనుకోను.

కంబదూరు వైపు ఆ రచన ఇంకా రావాలి. వచ్చినా ఈ రెండు నమూనాలూ దానికి చాలవు. కొర్ర, సజ్జ పోయి చెనక్కాయ చేరిన చేలలో వాన తప్పితే కూలి కూడా తప్పుతుంది. బోర్లు ఎండాక ఎన్నో కుటుంబాలు బెంగళూరు కట్టడాల పనికి కదిలాయి. విశ్వం కావ్యంలోని దంపతులు ఒకే పొయ్యి దగ్గర ఉన్నారు. నామిని కథల్లోని పిల్లవాడికి అమ్మ గొంతు రోజూ వినిపించింది. వలస వెళ్లిన ఇంటికి కూలి అక్కడ, రేషన్ కార్డు ఇక్కడ. మొగుడూ పెళ్లాలు అక్కడ, ముసలివాళ్లూ బడి పిల్లలూ ఇక్కడ. రెండు పొయ్యిల సంసారాన్ని ఏ ఒక్కరి గొంతుతోనూ చెప్పలేం. అవ్వ ఒక సగం, పనిచోటు నుంచి ఫోన్ చేసే కోడలు ఒక సగం చెప్పాలి.