దర్వాజా తెరవని లీగ్

క్రికెట్ తప్ప మరో ఆట పట్టని ముల్కు మనది. ఇక్కడ కూర్చుని అమెరికా బేస్‌బాల్ తారీఖ్ రాయడమేంటి భాయ్ అని మీరు అడగొచ్చు. చదివాక మీకే తెలుస్తుంది. 61 సీజన్లు దర్జాగా నడిచి, ఒక్క దర్వాజా మాత్రం తెరిచేది లేదని మొండికేసి, ఆ జిద్దులోనే ఖతమైపోయిన ఓ లీగ్ ఖిస్సా ఇది. దాని పేరు సదరన్ అసోసియేషన్.

ముందు కొంచెం నేపథ్యం చెప్పుకుందాం. అమెరికాలో పెద్ద జట్లు ఆడేవి మేజర్ లీగ్స్. వాటి కింద మెట్లు మెట్లుగా మైనర్ లీగ్స్ ఉంటాయి. కుర్రాళ్లు అక్కడ ఆడి, రాటుదేలి పైకి వెళ్తారు. కానీ అలబామా, జార్జియా, టెన్నెసీ, లూసియానా లాంటి దక్షిణాది రాష్ట్రాల్లో చాలాకాలం మేజర్ లీగ్ జట్టే లేదు. అట్లాంటాకు అది వచ్చింది 1966లో. అంతవరకూ ఆ జనానికి మైనర్ లీగే మేజర్. సొంత షహర్ జట్టంటే ప్రాణం పెట్టేవాళ్లు.

ఆ షౌక్‌కి ఇల్లు కట్టింది సదరన్ అసోసియేషన్. ఆబ్నర్ పావెల్, చార్లీ ఫ్రాంక్, న్యూట్ ఫిషర్ అనే ముగ్గురు కలిసి దీన్ని నిలబెట్టారు. 1901లో ఆట షురూ అయింది. అట్లాంటా క్రాకర్స్, బర్మింగ్‌హామ్ బారన్స్, నాష్‌విల్ వోల్స్, మెంఫిస్ చిక్స్, న్యూ ఆర్లియన్స్ పెలికన్స్, చట్టనూగా లుకౌట్స్, లిటిల్ రాక్ ట్రావెలర్స్, మొబైల్ బేర్స్. దశాబ్దాల తరబడి దాదాపు ఇవే పేర్లు. 1920 నుంచి ఈ లీగ్ విజేత, టెక్సస్ లీగ్ విజేత తలపడే డిక్సీ సిరీస్ అంటే దక్షిణాదికి అదే ప్రపంచ కప్పు.

తమాషాలకూ కొదవ లేదు. చట్టనూగా జట్టును నడిపిన జో ఎంగెల్ ఓసారి ఒక ఆటగాణ్ణి ఇచ్చేసి, బదులుగా ఒక టర్కీ కోడిని పుచ్చుకున్నాడు. అదే ఎంగెల్ 1931లో జాకీ మిచెల్ అనే 17 ఏళ్ల అమ్మాయి చేతికి బంతి ఇచ్చి, న్యూయార్క్ యాంకీస్ మీద ప్రదర్శన మ్యాచ్‌లో దింపాడు. ఆ అమ్మాయి బేబ్ రూత్‌ని, లూ గెహ్రిగ్‌ని వరసగా అవుట్ చేసింది. నిజంగా చేసిందా, వాళ్లు ఊరికే చేయించుకున్నారా అని ఈరోజుకీ వాదులాడుకుంటారు.

కోడికి చోటిచ్చిన లీగ్. అమ్మాయికీ ఒక పూట చోటిచ్చిన లీగ్. నల్లమనిషికి మాత్రం చోటు లేదు.

1910లో బర్మింగ్‌హామ్‌లో రిక్‌వుడ్ ఫీల్డ్ కట్టారు. తెల్లవాళ్ల బారన్స్ ఊళ్లో లేని రోజుల్లో అదే మైదాన్‌లో నల్లవాళ్ల జట్టు బ్లాక్ బారన్స్ ఆడేది. అదే గడ్డి, అదే మట్టి, రోజులు వేరు. 1948లో ఆ బ్లాక్ బారన్స్‌లో ఆడిన ఒక పొరగాడు విల్లీ మేస్. పక్కనే వెస్ట్‌ఫీల్డ్‌లో పుట్టినవాడు. తర్వాత ప్రపంచమంతా చూసిన ఆటగాడయ్యాడు. కానీ సొంత షహర్ బారన్స్ చొక్కా వేసుకునే హక్కు అతనికి లేదు.

ఈ రివాజును కానూన్ కూడా చేశారు. నల్లవాళ్లు, తెల్లవాళ్లు కలిసి పేకాట, పాచికలు, డామినోలు, చెకర్స్ ఆడకూడదని బర్మింగ్‌హామ్‌లో నగర చట్టం ఉండేది. 1950లో ఆ జాబితాలో బేస్‌బాల్‌నూ చేర్చారు. బల్లకు అటొకరు ఇటొకరు కూర్చుని గళ్ల మీద బిళ్లలు జరపడం కూడా జుర్మే! ఆ షహర్‌లో పోలీసు శాఖను తన గుప్పిట్లో పెట్టుకున్న బుల్ కానర్ మొదట జనానికి తెలిసింది బేస్‌బాల్ రేడియో కామెంటేటర్‌గా. ఆ గొంతుతో వచ్చిన పేరు మీదే ఎన్నికలు గెలిచాడు. 1963లో హక్కులడిగిన పిల్లల మీదికి కుక్కల్ని వదిలింది, నీళ్ల గొట్టాలు తిప్పించింది ఆయనే.

ఇదంతా పరాయి నఫ్రత్ అనుకుంటే మన పాల్వంకర్ బాలూని ఒక్కసారి యాద్ చేసుకోండి. పూనాలో ఆయన బౌలింగ్ అందరికీ కావాలి, చాయ్ మాత్రం బయట మట్టి పిడతలో. హిందూ జట్టుకు ఎన్ని వికెట్లు తీసిపెట్టినా కప్తానీ దక్కలేదు. మైదాన్‌లో బంతి తాకొచ్చు, కప్పు తాకొద్దు.

1947లో జాకీ రాబిన్సన్ బ్రూక్లిన్ డాడ్జర్స్ తరఫున మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు. 1949 ఏప్రిల్‌లో డాడ్జర్స్ అట్లాంటా వచ్చి క్రాకర్స్‌తో మూడు ప్రదర్శన మ్యాచ్‌లు ఆడారు. జార్జియా క్లాన్ పెద్ద శామ్యూల్ గ్రీన్ ధమ్కీలిచ్చాడు. క్రాకర్స్ మాలిక్ ఎర్ల్ మాన్ వెనక్కి తగ్గలేదు. చివరి రోజు 25 వేలకు పైగా జనం వచ్చారు, అందులో సగానికి పైగా నల్లవాళ్లే. ఆకాశమేమీ విరిగిపడలేదు. కలిసి ఆడితే జనం రారన్న వాదన ఆ రోజే ఓడిపోయింది.

పక్క లీగ్‌లు కదిలాయి. 1952లో టెక్సస్ లీగ్‌లో డల్లాస్ తరఫున డేవ్ హాస్కిన్స్ బౌలింగ్ చేసి 22 మ్యాచ్‌లు గెలిపించాడు. 1953లో సౌత్ అట్లాంటిక్ లీగ్‌లో జాక్సన్‌విల్ తరఫున 19 ఏళ్ల హ్యాంక్ ఆరన్ ఆడాడు, లీగ్‌లోకెల్లా మేటి ఆటగాడిగా నిలిచాడు. ఇవీ దక్షిణాది లీగ్‌లే.

ఇక 1954. ఎర్ల్ మాన్ ఒక అడుగు వేశాడు. నాట్ పీపుల్స్ అనే ఆటగాణ్ణి క్రాకర్స్‌లోకి తీసుకున్నాడు. పీపుల్స్ పుట్టింది మెంఫిస్‌లో. యుద్ధకాలంలో నౌకాదళంలో పనిచేశాడు. నీగ్రో లీగ్స్‌లో ఆడి వచ్చాడు. ఏప్రిల్ 9న మొబైల్‌లో సీజన్ తొలి మ్యాచ్‌లో మరొకరి బదులు బ్యాటు పట్టాడు. మర్నాడు మొదటినుంచీ ఆడాడు. రెండు మ్యాచ్‌లూ కలిపి లెక్కలోకి వచ్చిన బ్యాటింగ్ అవకాశాలు నాలుగు. హిట్ ఒక్కటీ పడలేదు. కొద్ది రోజులకే కింది మెట్టు జట్టు జాక్సన్‌విల్‌కి పంపేశారు. సీజన్‌లో అట్లాంటా సొంత మైదాన్‌లో అతను ఒక్క బంతీ ఎదుర్కోలేదు.

నాలుగంటే నాలుగు అవకాశాలతో ఏ ఆటగాణ్ణి తూకం వేస్తారు? ఎంత గొప్పవాడికైనా వరసగా నాలుగు ఖాళీ పోయే రోజులుంటాయి. తెల్ల కుర్రాడికైతే అది మామూలు వారాంతం. పీపుల్స్‌కి అదే ఫైసలా అయిపోయింది. మాన్ మీద మరీ కోపం రాదు నాకు. ఆ ఎనిమిది మంది మాలిక్‌లలో అంతమాత్రం చేసినవాడు మరొకడు లేడు. కానీ సగం తెరిచి మూసిన దర్వాజా, అసలు తెరవనిదానికన్నా ఎక్కువ నొప్పి పెడుతుంది.

అదే ఏడాది మే 17న బడుల్లో వేర్పాటు చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. బర్మింగ్‌హామ్‌లో ఆటల చట్టాన్ని అంతకు ముందే కొంచెం సడలించారు. జూన్‌లో ప్రజలే ఓట్లేసి, భారీ మెజారిటీతో దాన్ని వెనక్కి తెచ్చుకున్నారు. ఈ ముక్క చదివినప్పుడల్లా ఆగిపోతాను. హుకుం పైనుంచి రాలేదు. పెట్టెలో చీటీలు వేసింది మోహల్లాలోని మామూలు మనుషులే.

లూసియానా 1956లో కలిసి ఆడటాన్ని నిషేధిస్తూ రాష్ట్ర చట్టమే చేసింది. కోర్టులు కొట్టేశాయి, కానీ ఆలోగా జరగాల్సింది జరిగింది. న్యూ ఆర్లియన్స్‌లో నల్లవాళ్లు పెలికన్స్ మ్యాచ్‌లను బాయ్‌కాట్ చేశారు. 1959 తర్వాత ఆ జట్టు మూతపడింది. మేజర్ జట్లకూ చిక్కొచ్చింది. తమ మేటి నల్ల కుర్రాళ్లను పంపడానికి వీల్లేని లీగ్ వాళ్లకెందుకు? టీవీ వచ్చింది, ఇళ్లలోకి ఏసీలు వచ్చాయి, జనం ఊరి శివార్లకు తరలిపోయారు. ఈ దెబ్బ మైనర్ లీగ్స్ అన్నిటికీ తగిలింది. కానీ మిగతావాళ్లు తమను కాపాడుకోడానికి దొరికిన ప్రతి దారీ వెతికారు. వీళ్లు ఒక దారిని తామే మూసుకున్నారు. 1961 సీజన్ అయ్యాక సదరన్ అసోసియేషన్ ఖతం.

తర్వాతేమైంది? 1962లో క్రాకర్స్ మరో లీగ్‌లో చేరి నల్ల ఆటగాళ్లతో ఆడింది. 1964లో బర్మింగ్‌హామ్‌కు ఆట మళ్లీ వచ్చింది, సదరన్ లీగ్ పేరుతో, కలగలిసిన జట్లతో. ఇన్నాళ్లూ కుదరదన్న పని ఇట్టే కుదిరింది.

ఇంకో హిసాబ్ చూడండి. పీపుల్స్ ఆ రెండు మ్యాచ్‌లు ఆడిన మొబైల్, హ్యాంక్ ఆరన్ పుట్టిన ఊరు. ఆ మ్యాచ్‌లైన కొద్ది రోజులకే, 1954 ఏప్రిల్ 13న ఆరన్ మిల్వాకీ తరఫున మేజర్ లీగ్‌లో తొలి మ్యాచ్ ఆడాడు. ఆ జట్టే తర్వాత అట్లాంటాకు తరలింది. 1974 ఏప్రిల్ 8న అట్లాంటాలో ఆరన్ 715వ హోమ్ రన్ కొట్టి బేబ్ రూత్ రికార్డు దాటాడు. అప్పటికీ నఫ్రత్ నిండిన ఉత్తరాలు అతనికి సంచుల కొద్దీ వస్తూనే ఉన్నాయి. అయినా ఆ రాత్రి స్టేడియమంతా నిలబడి చప్పట్లు కొట్టింది. పీపుల్స్ ఆ మొదటి మ్యాచ్‌కి, ఈ రాత్రికి మధ్య ఇరవై ఏళ్లకు ఒక్క రోజు తక్కువ.

నాట్ పీపుల్స్ 2012లో కన్నుమూశాడు. సదరన్ అసోసియేషన్ రికార్డుల్లో అతని పేరు ఎదుట ఇప్పటికీ రెండు మ్యాచ్‌లే. 61 సీజన్లలో ఆ లీగ్‌లో ఆడిన ఏకైక నల్లజాతి ఆటగాడు అతనే.