కృష్ణాతీర శిల్పసంపద - వికలాంగుల దర్శనభాగ్యము

గ్రంథము పాఠకుని వెదకికొనుచు పోగలదు. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువపై పడవ గ్రంథాలయమును నడపి, ఒడ్డుననున్న పల్లెలకు పుస్తకములను చేర్చిరి. శిల్పమునకు ఆ సౌలభ్యము లేదు. దానిని చూడగోరువాడే దాని చెంతకు పోవలెను. నడవలేనివానికి, చూపులేనివానికి ఆ దారి ఎట్లున్నదను ప్రశ్న నల్లగొండ, మహబూబ్‌నగరు సీమల చరిత్రలో ప్రత్యేకముగా విచారింపదగినది.

ఈ సీమలో పలువురికి అంగవైకల్యము పుట్టుకతో రాలేదు. త్రాగిన నీటితో వచ్చినది. నేలలోని రాతిపొరలనుండి ఫ్లోరైడు బావినీటిలో కరగును. త్రాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రమాణము. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ మొదలగు ప్రాంతముల ప్రజలు అంతకు పలురెట్లు ఫ్లోరైడు గల నీటినే ఏండ్ల తరబడి త్రాగిరి. ఆ నీటివలన మొదట పండ్లు గారపట్టును. కాలము గడచినకొలది కీళ్లు బిగిసి, వెన్ను వంగి, మోకాళ్లు ముడుచుకొనిపోవును. మనదేశమున ఈ వ్యాధిని 1937లో నాటి నెల్లూరు జిల్లాలో వైద్యులు గుర్తించి ప్రకటించిరి. పటిక, సున్నములతో నీటిలోని ఫ్లోరైడును తగ్గించుటకు నాగపూరు పరిశోధనాలయమువారు రూపొందించిన పద్ధతికి ‘నల్లగొండ విధానము’ అను పేరే స్థిరపడినది. తరువాత కృష్ణాజలము వచ్చినది. 2016లో మిషన్ భగీరథ ఆరంభమైనది. కాని బిగిసిన కీళ్లు మంచినీటితో తిరిగి సడలవు.

ఆ కృష్ణయే ఈ సీమ పురాసంపదకు గొప్ప పరీక్ష పెట్టినది. ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి వెలసిన నాగార్జునకొండ లోయ 1926లో వెలుగులోనికి వచ్చినది. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. లోయ మునుగుట తప్పదని యెరిగి, ఆర్. సుబ్రహ్మణ్యముగారి ఆధ్వర్యమున 1954 నుండి 1960 వరకు విస్తారముగా త్రవ్వకములు జరిపిరి. ముఖ్యమైన కట్టడములు కొన్నింటిని కొండపైకిని, కొన్నింటిని ఒడ్డుననున్న అనుపునకును తరలించిరి. జలాశయము నిండగా కొండ దీవియైనది. అచ్చటి ప్రదర్శనశాలకు లాంచీలో పోవలెను. పిదప శ్రీశైలము జలాశయము క్రింద మునుగనున్న కూడవెల్లి సంగమేశ్వరాలయమునుకూడ విప్పి, అలంపురమునకు తరలించి, తిరిగి నిలబెట్టిరి.

ఇంతటి శ్రమ, ఇంతటి వ్యయము ఎవరికొరకు? చూచు జనులకొరకే గదా! కాని మోకాళ్లు ముడుచుకొనిపోయిన వృద్ధుడు నాగార్జునకొండ చూడగోరినచో రేవున దిగి, ఊగుచున్న లాంచీలో అడుగిడి, దీవిపై మరల దిగి నడువవలెను. ప్రాచీనాలయముల ఎత్తైన అరుగులు, గడపలు చక్రముల కుర్చీకి అడ్డుగోడలే. నీరు అతని కాళ్లను కట్టివేసినది. అతని పూర్వుల శిల్పమును నీరే దూరము చేసినది.

2022 మే 14న నాగార్జునసాగరమున నల్లగొండవైపు ఒడ్డున 274 ఎకరములలో బుద్ధవనము ప్రారంభమైనది. దానిని చేరుటకు లాంచీ అక్కరలేదు. ఇది మేలైన మార్పే. అయినను వాకిటివరకు బండి వచ్చినంతనే పని తీరదు; మెట్ల ప్రక్కన వాలుదారి, నడుమ కూర్చుండుటకు బల్ల, తగిన మరుగుదొడ్డి కూడ ఉండవలెను.

చూపులేనివారి విషయము వేరు. 1913లో ఇంగ్లండులోని సండర్‌లాండు ప్రదర్శనశాలలో చార్ల్‌టన్ డీస్ అను అధికారి అంధబాలురను రప్పించి, వస్తువులను చేతితో తడిమి తెలిసికొను ఏర్పాటు చేసెను. ఆయన గ్రంథాలయాధికారికూడ. స్పర్శకు శిల్పముకంటె అనువైన కళ లేదు. పురాతన శిలను అనేకుల చేతులు తాకిన చెడునందురు, నిజమే. అట్లయిన దాని నమూనాను తాకనీయవచ్చును.

చట్టముకూడ ఈ మాటనే పలికినది. 1995 నాటి వికలాంగుల చట్టము 7 విధముల వైకల్యములను పేర్కొనగా, 2016 నాటి చట్టము 21 విధములను గుర్తించినది. కళలు వికలాంగులకు అందుబాటులో నుండవలెననియు, ప్రజలు వచ్చు భవనములను గడువులోగా అనుకూలముగా మార్చవలెననియు అది విధించినది. ఆ సౌకర్యములు కేవలము సలహాలుగా మిగులరాదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు స్పష్టపరచినది.

వాలుదారి వేసినచో ప్రాచీన కట్టడము చెడునని కొందరు శంకింతురు. మేకు దిగగొట్టక, అవసరమైనప్పుడు ఆనించి పిమ్మట తీసివేయదగిన కొయ్యపలకతో ఆ శంక తీరును. ఆలయమునే విప్పి వేరొకచోట నిలిపిన నేర్పరులకు గడపవద్ద ఒక పలక ఆనించుట అసాధ్యము కాదు.

ఈ పనికి గ్రామ గ్రంథాలయమును తోడుపడగలదు. విహారయాత్రకు పేర్లు వ్రాసికొనునపుడు ఊరిలో నడువలేనివారి పేరును మొదట వ్రాయవలెను. వారికి కావలసిన సౌకర్యమేమో ప్రదర్శనశాలవారికి ముందుగా జాబు వ్రాసి అడుగవలెను. అడుగువారు లేనిచోట ఏర్పాటు చేయువారును ఉండరు. అంతకుముందే తన గడపయెదుట మెట్టెంత ఎత్తున్నదో గ్రంథాలయము చూచికొనుట ఉచితము.