రామనగర్‌లో మా నాయనమ్మ

చీరాల–పేరాల ఉద్యమం గురించి ఎక్కడ చదివినా దాన్ని నడిపించిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు, ఆయన వాలంటీర్ల దళం రామదండు, గాంధీగారి రాక, ఇవే కనపడతాయి. కనపడాలి కూడా. కాకపోతే 1921లో ఊరు ఖాళీ చేసి వెళ్లిన 13 వేల పైచిలుకు జనంలో మా నాయనమ్మ ఒకతె. అప్పటికి పదేళ్ల పిల్ల. నేతగాళ్ల ఇల్లు. ఆమె నోట నేను విన్న కథలో ఉపన్యాసాలు తక్కువ, నూలు ఎక్కువ.

చీరాల, పేరాల గ్రామాలను కలిపి మద్రాసు ప్రభుత్వం మున్సిపాలిటీ చేసింది. పన్నులు ఒక్కసారిగా ఎన్నో రెట్లయ్యాయి. ఏ రోజుకారోజు నేసుకుని బతికేవాళ్లు కట్టలేమన్నారు. కట్టనివాళ్లలో కొందరిని జైలుకు పంపారు, వాళ్లలో ఒక ఆడమనిషీ ఉంది. బెజవాడ కాంగ్రెస్ సమావేశం అయ్యాక ఏప్రిల్‌లో ఇటు వచ్చిన గాంధీగారు, మున్సిపాలిటీ హద్దు దాటి వెళ్లిపోవడం ఒక దారి అన్నారు. దుగ్గిరాల వారు ఆ దారే పట్టించారు. ఊరి బయట పాకలు లేచాయి. అదే రామనగర్.

మగ్గం విప్పి కర్రలూ, అచ్చూ బండెక్కించుకోవచ్చు. గుంటనెలా ఎక్కిస్తారు? మావి గుంట మగ్గాలు. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి కూర్చుని తొక్కాలి. ఏళ్ల తరబడి అలికి గట్టిపడిన గుంటలు ఇళ్లతోపాటే ఉండిపోయాయి. రామనగర్‌లో మళ్లీ తవ్వారు. మాది ఇసుక నేల, గట్టు నిలవదు. వాన పడితే అడుగున నీళ్లూరతాయి. గంజి పెట్టిన పడుగు చెమ్మకు మెత్తబడి పోగులు పటపటా తెగుతాయి. నాయనమ్మ పని కండెలు చుట్టడం. మగ్గం ఆగితే కండెతో ఎవరికి పని? ఆ వానాకాలమంతా ఆడుకోవడానికి బోలెడు తీరిక దొరికిందట. తిండి మాత్రం ఒంటిపూట.

దుగ్గిరాల వారిని బరంపురంలో పట్టుకుని ఏడాది శిక్ష వేసి తిరుచిరాపల్లి జైలుకు పంపారు. పదకొండు నెలలు గడిచాక జనం వెనక్కి వచ్చేశారు. దీన్ని ఓటమి అనడానికి పుస్తకాలు మొహమాటపడతాయి. నాయనమ్మకు ఆ మొహమాటం లేదు. “డబ్బులైపోయాయి, వచ్చేశాం” అనేది.

రెండో ప్రపంచ యుద్ధం ఆమెకు నూలు కంట్రోలుగానే తెలుసు. 1970లో మేం గుంటూరు జిల్లా నుంచి కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలోకి ఇల్లు కదలకుండానే మారిపోయాం. ఆ సంగతి ఆమె పట్టించుకోనే లేదు. 1977 నవంబరు తుపానుకు గుంట నిండింది. తేదీ అడిగితే చెప్పలేకపోయేది గానీ ఆ రోజు మగ్గం మీదున్న చీర అంచు రంగు చెప్పేది.

ఏ మున్సిపాలిటీ వద్దని వాళ్ల నాన్న ఊరొదిలాడో, దానికే ఆమె బతికినన్నాళ్లూ ఇంటి పన్ను కట్టింది. గడువు దాటనిచ్చేది కాదు. రసీదులన్నీ రేకు డబ్బాలో దాచేది.