అమ్మం, అద్దెకివ్వం, పడగొట్టం

మీలో చాలామంది పుట్టిళ్ళు పల్లెటూళ్ళలోనో చిన్న బస్తీల్లోనో ఉండే ఉంటాయి. ఆ ఇంటి మండువా, వర్షం పడితే మధ్యలోకి ధారగా పడే చూరునీళ్ళు, వాటి కింద అమ్మ పెట్టిన గంగాళాలు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉంటాయి. ఆ ఇల్లు ఇప్పుడేమైందని అడిగితే మాత్రం చాలామంది దగ్గర జవాబు ఒకటే. పెద్దవాళ్ళు పోయారు, అన్నదమ్ములు పంచుకున్నారు, మరమ్మతు చేయించే నాథుడు లేడు, చివరికి ఎవరో కొనుక్కుని పడగొట్టేశారు. టేకు స్తంభాలూ గుమ్మాలూ పాత కలప అడితీకి చేరాయి. మన తాతగారి సింహద్వారం ఈపాటికి ఏ హోటలు ముందరో అలంకారంగా నిలబడి ఉన్నా ఆశ్చర్యం లేదు.

ఎవరినీ తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఇల్లు మనది, అవసరమూ మనదే. కానీ ఊరు ఊరంతా కూర్చుని, "మా ఇళ్ళు మేము అమ్ముకోం" అని తమకు తామే కట్టుబాటు పెట్టుకోవడం ఎక్కడైనా విన్నారా? జపాన్ దేశంలో త్సుమాగో అనే చిన్న ఊరివాళ్ళు 1971లో అలాంటి కట్టుబాటు పెట్టుకున్నారు. 1973లో ఆ ఊరి పురపాలక సంఘం పాత ఇళ్ళ సంరక్షణకు బైలా చేసింది. ఆ సంగతే ఇవాళ మీతో చెప్పుకుందామని.

త్సుమాగో జపాన్ మధ్యభాగంలో, నాగానో రాష్ట్రంలో, కిసో లోయ అనే కొండల సందులో ఉంది. టోక్యోని పూర్వం ఎడో అనేవారు. ఎడో నుంచి రాజధాని క్యోటోకి కొండల మీదుగా 500 కిలోమీటర్ల పైచిలుకు దారి ఒకటి ఉండేది. దాని పేరు నకాసెండో. దారి పొడుగునా 69 మజిలీలు. త్సుమాగో అందులో 42వది. ఆ కాలంలో దేశాన్ని ఏలిన షోగన్, సామంతులందరూ వంతుల ప్రకారం ఎడోకి వచ్చి కొలువు చెయ్యాలని శాసించాడు. కాబట్టి పరివారంతో, పల్లకీలతో, మోత బరువులతో ఊరేగింపులు ఏడాది పొడుగునా వస్తూ పోతూ ఉండేవి. ప్రభువులు దిగడానికి పెద్ద విడిది, దాన్ని హోన్‌జిన్ అంటారు. అక్కడ చోటు చాలకపోతే రెండో విడిది, అది వాకి హోన్‌జిన్. మామూలు బాటసారులకు వరుసగా పూటకూళ్ళ ఇళ్ళు. 1861లో చక్రవర్తి చెల్లెలు కజునోమియా షోగన్‌ను పెళ్ళాడడానికి వెళ్ళింది కూడా ఈ దారినే. ఆ పెళ్ళివారికి వండి వడ్డించిన ఆడవాళ్ళ అవస్థ చరిత్ర పుస్తకాల్లో ఉండదనుకోండి, మనం ఊహించుకోవలసిందే.

చుట్టూ అడవే అయినా ఊరివాళ్ళకు మంచి కలప వాడుకునే హక్కు లేదు. హినోకి మొదలైన అయిదు జాతుల చెట్లు ప్రభువుల సొత్తు. చెట్టుకి ఒక తల అని అక్కడ సామెత, అంటే చెట్టు నరికినవాడి తల తీసేస్తారన్నమాట. కాబట్టి ఊళ్ళో ఇళ్ళన్నీ నాసి కలపతో కట్టుకున్నవే. పైన చెక్క పలకల కప్పు, ఆ పలకలు గాలికి లేచిపోకుండా వాటి మీద రాళ్ళ బరువు, వీధి వైపు నిలువు ఊచల చెక్క కిటికీలు. ప్రభువుల పాలన పోయాక గానీ ఆ నిషేధం పోలేదు. అప్పుడు 1877లో వాకి హోన్‌జిన్ యజమానులు ఇన్నేళ్ళ కోరికా తీరేలాగా ఇంటిని మొత్తం హినోకితో తిరగకట్టుకున్నారు. ఆ ఇంటిపేరు ఒకుయా. ఆ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

అయితే అప్పటికే ఊరికి చెడ్డరోజులు మొదలయ్యాయి. 1872లో మజిలీల పద్ధతి రద్దయిపోయింది. తరవాత రైలు వచ్చింది గానీ, త్సుమాగోకి రాలేదు. పట్టాలు కిసో నది ఒడ్డునే వేసుకుంటూ వెళ్ళారు. 1909లో స్టేషను కాస్త దూరంలో మిదోనోలో పెట్టారు. కొత్త రోడ్డూ నది పక్కనే. రాజమార్గం మీద వెలిగిన ఊరు మారుమూలకు పోయింది. బాటసారులు లేరు, పూటకూళ్ళు లేవు. డబ్బు లేక ఎవరూ కొత్తగా కట్టలేదు, ఉన్నవి పడగొట్టనూ లేదు. పక్క మజిలీ మగోమె 1895లోనూ 1915లోనూ అగ్నిప్రమాదాల్లో కాలిపోయింది. త్సుమాగోకి మాత్రం దరిద్రమే కాపలా కాసిందని నాకనిపిస్తుంది. కాకపోతే అది ఎన్నాళ్ళు కాస్తుంది? 1960ల నాటికి పడుచువాళ్ళు నగోయా వంటి పట్నాలకు పోయారు. ముసలివాళ్ళ మీద కప్పులు కారుతున్నాయి.

1961లో చుట్టుపక్కల ఊళ్ళు మూడు కలిసి నాగిసో అనే చిన్న పట్టణ సంఘంగా ఏర్పడ్డాయి. త్సుమాగో అందులో భాగమైంది. మన లెక్కలో ఓ పెద్ద పంచాయతీ పాటిది. ఆ ఆఫీసులో కొబయాషి తోషిహికో అని ఒక ఉద్యోగి ఉండేవాడు. ఫ్యాక్టరీ తెచ్చినా రాని జనం ఈ పాత ఇళ్ళను చూడడానికి వస్తారని గట్టిగా నమ్మిన మనిషి. టోక్యో విశ్వవిద్యాలయంలో కట్టడాల చరిత్ర చదివిన ఆచార్యుడు ఓటా హిరోతారో సలహాదారుగా వచ్చాడు. 1967లో ఒకుయాను స్థానిక ప్రదర్శనశాలగా తెరిచారు. మరుసటి ఏడు 1968. మెయిజీ చక్రవర్తి పాలన మొదలై నూరేళ్ళు. దేశమంతా శిలాఫలకాలూ సభాభవనాలూ కడుతుంటే, నాగానో రాష్ట్ర ప్రభుత్వం ఆ ఉత్సవాల కింద త్సుమాగో ఇళ్ళు బాగుచేయించడానికి ఒప్పుకుంది. మూడేళ్ళలో ఊరికి ఒక కొసన ఉన్న తెరాషితా వీధిలో 26 ఇళ్ళు బాగుపడ్డాయి. అంతవరకూ జపాన్‌లో ప్రభుత్వాలు కాపాడినవి గుళ్ళూ కోటలూ దొరల మేడలూనూ. వీధి వీధంతా మామూలు మనుషుల ఇళ్ళు చరిత్ర లెక్కలోకి రావడం అక్కడా కొత్తే.

జనం వచ్చారు, తెరలు తెరలుగా వచ్చారు. వాళ్ళ వెనకే పట్నాల నుంచి డబ్బున్నవాళ్ళూ వచ్చారు. ఈ ఇల్లు ఎంతకిస్తారు, ఆ అరుగు అద్దెకిస్తారా, ఇక్కడ మేడ కడితే ఎలా ఉంటుంది అని. నిన్నటిదాకా కారిన కప్పుకి గిరాకీ వచ్చిందన్నమాట. అటువంటప్పుడే కదండీ మనిషి బుద్ధి తెలిసేది! 1968లోనే అక్కడివాళ్ళు 'త్సుమాగోని ప్రేమించే సంఘం' అని ఒకటి పెట్టుకున్నారు, అందులో ఇంటింటివాళ్ళూ సభ్యులే. వాళ్ళందరూ కలిసి 1971లో ఒక ప్రతిజ్ఞాపత్రం రాసుకున్నారు. అమ్మం, అద్దెకివ్వం, పడగొట్టం. ఈ మూడు మాటలే దానికి ప్రాణం. ఇల్లే కాదు, పొలమూ అడవీ కూడా.

ప్రతిజ్ఞ ఎంత గట్టిదైనా కాగితం మీది మాటే. రేపు ఒకరికి అప్పు పుట్టకపోతే, ఒకరి కొడుకు ససేమిరా అంటే? అందుకే నాగిసో పురపాలక సంఘం 1973లో తనంత తానుగా సంరక్షణ బైలా చేసింది. అప్పటికింకా ఇటువంటి వీధుల కోసం దేశంలో చట్టం లేదు. 1975లో జాతీయ చట్టాన్ని సవరించి, పాత ఇళ్ళ గుంపుల్ని కూడా కాపాడదగిన సంపదగా చేర్చారు. అందులో నాకు నచ్చినదేమిటంటే, పైనుంచి ఎవరో వచ్చి ఈ ఊరు ఇకమీద మాది అనరు. ముందు పురపాలక సంఘమే హద్దులు గీసి, బైలా చేసి, పథకం రాసుకోవాలి. ఆ తరవాత జాతీయ ప్రభుత్వం దాన్ని ఎంపిక చేసి ఖర్చులో పాలు పంచుకుంటుంది. 1976లో మొదటి విడతగా ఏడు చోట్లను ఎంపిక చేశారు. వాటిలో త్సుమాగో ఒకటి. ఇప్పుడు అటువంటి చోట్లు దేశమంతటా 120కి పైగా ఉన్నాయి.

మరి ఆ ఇళ్ళలో కాపురం చేసేవాళ్ళ సంగతి? కప్పు మార్చాలన్నా, వీధి తలుపు మార్చాలన్నా, చివరికి బోర్డు కట్టాలన్నా ముందు అర్జీ పెట్టాలి. ఆ అర్జీని మొదట ఊరి సంఘం కమిటీ చూస్తుంది, అంటే ఇరుగుపొరుగువాళ్ళే. తరవాత పురపాలక సంఘం. పక్కింటివాళ్ళ కిటికీకి వీలుకాదని మొహం మీద చెప్పడం ఎంత కష్టమో మీకు నేను చెప్పాలా? అయితే ఒక వెసులుబాటుంది. కట్టుబాటు ముఖ్యంగా బయటి రూపానికే. లోపల వంటింట్లో గ్యాసు పొయ్యీ కుళాయీ పెట్టుకోవచ్చు. పాత పద్ధతిలో బాగుచేసుకుంటే అయ్యే ఖర్చుకి సహాయం కూడా ఇస్తారు. కరెంటు స్తంభాలను వీధిలో కనబడకుండా ఇళ్ళ వెనకకు జరిపారు. పగటివేళ కార్లు వీధిలోకి రాకూడదు. ఊరి బయట ఆపుకోవలసిందే. ఆ కార్ల రుసుము ఇళ్ళ సంరక్షణకే పోతుంది. సంరక్షణ హద్దులు కూడా వీధితో ఆగలేదు. చుట్టూ కొండలూ పొలాలూ కలిపి 1,245 హెక్టార్లు. ఎందుకంటే అరుగు మీద కూర్చుని తల ఎత్తితే కొండ మీద సిమెంటు మేడ కనబడితే ఇంక ఏం లాభం?

ప్రభువులు దిగిన అసలు పెద్ద విడిది మెయిజీ రోజుల్లోనే పోయింది. దాన్ని 1995లో పాత నక్షా చూసి మళ్ళీ కట్టారు. బాగానే ఉంటుందిట. నా మట్టుకు నాకు దానికన్నా తెరాషితా వీధిలో నాసి కలప ఇళ్ళే ఎక్కువ. అవి నటించడం లేదు.

ఇంతవరకూ వినడానికి హాయిగానే ఉంది. కానీ ఆ మూడు మాటల్లో రెండోది ఇప్పుడు ఊరికి మెడకు చుట్టుకుంది. 1971లో అద్దెకివ్వం అన్నది బయటి వ్యాపారి కాలు పెట్టకుండా. అప్పుడు ఇంట్లో పిల్లలున్నారు. ఇప్పుడో, నాగిసో మొత్తం కలిపి జనాభా నాలుగు వేల లోపే. ముసలివాళ్ళు ఎక్కువ, ఏటికేడూ తలుపు మూసిన ఇళ్ళు పెరుగుతున్నాయి. ఎవరైనా పడుచు దంపతులు వచ్చి ఉంటామంటే, వాళ్ళకు ఇల్లు ఎలా ఇవ్వడం? ఇస్తే మాట తప్పినట్టు. ఇవ్వకపోతే కప్పు మీద రాళ్ళు అలాగే ఉంటాయి గానీ కింద దీపం పెట్టేవాళ్ళుండరు. మాట ఇచ్చిన తరం చాలావరకు వెళ్ళిపోయింది. ఆ మాటకు ఏ అర్థం చెప్పుకోవాలో తేల్చుకోవలసినవాళ్ళు వాళ్ళ కోడళ్ళూ మనవలూను.

ఒకుయా సంగతి చెబుతానన్నాను కదూ. దాన్ని 2001లో దేశం ముఖ్యమైన సాంస్కృతిక సంపదగా ప్రకటించింది. ఆ ఇంటి మధ్యగదిలో నేలలోనే పల్లంగా చేసిన కుంపటి ఒకటుంది, ఇరోరి అంటారు. దాంట్లో ఇప్పటికీ కట్టెలు వెలిగిస్తారు. చలి కాచుకోవడానికి కాదు. పొగ పడితేనే కలపకు పురుగు పట్టదు, కప్పు చెమ్మగిల్లదు. మన ఇళ్ళలో అటక మీది వాసాలు ఎందుకు చెక్కుచెదరలేదో అమ్మమ్మలకు తెలుసు, అదే కిటుకు. ఆ మసి పట్టిన నేలచెక్కల్ని రోజూ గుడ్డతో రుద్ది రుద్ది నల్లగా నిగనిగలాడేట్టు చేశారు. చలికాలంలో ఎండ వాలినప్పుడు ఊచల సందుల్లోంచి ఆ పొగలోకి వెలుగు బద్దలు బద్దలుగా పడుతుంది. వచ్చినవాళ్ళు దాని ఫొటోలు తీసుకుంటారు. వాళ్ళు వెళ్ళాక ఎవరో ఒకరు మళ్ళీ గుడ్డ తడిపి, వంగి, ఆ నేల తుడవాలి.