గిరాకీ పడిపోయినప్పుడు యజమాని ఏది తగ్గిస్తాడు?

సరుకుకు గిరాకీ తగ్గినప్పుడు యజమాని ముందు ప్రధానంగా మూడు మార్గాలుంటాయి: కూలి తగ్గించడం, పనిగంటలు తగ్గించడం, మనుషులను తగ్గించడం. మొదటిదే సులభమని తోస్తుంది. కాని నెలజీతాలిచ్చే సంస్థలు దాని జోలికి అరుదుగా పోతాయి. 1990వ దశకం ఆరంభంలో అమెరికా ఆర్థికవేత్త ట్రూమన్ బ్యూలీ యజమానులు, కార్మిక నాయకులు మొదలైన 300 మందికి పైగా కలిసి కారణం విచారించారు. జీతం కోస్తే అందరి మనసూ విరిగి పని చెడుతుందనీ, తొలగించినవారి అసంతృప్తి వారితోనే గడప దాటిపోతుందనీ యజమానుల సమాధానాల సారాంశం. కఠినమైన తర్కమే గాని తీసివేయదగినది కాదు.

అమెరికాలో 2007 డిసెంబరులో 5 శాతమున్న నిరుద్యోగం 2009 అక్టోబరుకు 10 శాతానికి చేరింది. అదే సంక్షోభంలో జర్మనీ స్థూలోత్పత్తి 2009లో 5 శాతానికి మించి పడిపోయినా అక్కడ నిరుద్యోగం స్వల్పంగానే పెరిగింది. ‘కుర్ట్స్‌ఆర్‌బైట్’ అనే ఏర్పాటు కింద అక్కడి యజమాని గంటలు మాత్రమే తగ్గిస్తాడు. కోల్పోయిన నికర వేతనంలో 60 శాతం, పిల్లలున్నవారికి 67 శాతం నిరుద్యోగ బీమా నిధి భరిస్తుంది. ఇందులో దయ కంటే లెక్క ఎక్కువ. నేర్పరి కార్మికుణ్ణి వదులుకుంటే మళ్ళీ దొరకడు.

మనవారు తరతరాలుగా పనిచేస్తున్న సోలాపూర్, భివండి మరమగ్గాల షెడ్లలో నాలుగో మార్గం ఉంది. నేతకూలి చాలావరకు మీటర్ల లెక్క. గిరాకీ లేనప్పుడు సేఠు ఎవరినీ తీసివేయనక్కరలేదు. బీము ఎక్కించకపోతే చాలు. 2020 లాక్‌డౌన్‌లో పూర్తి వేతనం చెల్లించాలని కేంద్ర హోంశాఖ మార్చి 29న ఆదేశించి, మే 18 నుంచి ఉపసంహరించుకుంది. మగ్గమే ఆగినప్పుడు మీటరు కూలికి పూర్తి వేతనమంటే ఎంత?

లే-ఆఫ్ రోజులకు మూలవేతనం, కరువుభత్యాలలో 50 శాతం పరిహారమివ్వాలని పారిశ్రామిక వివాదాల చట్టం 1953 సవరణ నిర్దేశించింది. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్‌ కూడా దానిని నిలిపింది. అయితే సంస్థలో కనీసం 50 మంది కార్మికులుండాలి, మస్టరులో పేరుండాలి, ఏడాది నిరంతర సేవ ఉండాలి. పది పన్నెండుగురితో నడిచే షెడ్డుకు ఇది వర్తించదు. పెద్ద మిల్లులో చేరేవారు మాత్రం మొదటి వారంలోనే మస్టరులో పేరు చూసుకోవాలి. కూలిచీటీలను, బ్యాంకు జమల వివరాలను సేవకు సాక్ష్యంగా దాచుకోవాలి.